కుద్రేముఖ్: గడ్డి కొండే కదా అనుకునే ముందు

"దసరా సెలవుల్లో శృంగేరి, హొరనాడు దర్శనానికి వెళ్తున్నాం. మధ్యలో ఒక రోజు కుద్రేముఖ్ శిఖరం ఎక్కి దిగాలని ఉంది. నాన్నగారికి 58 ఏళ్లు, ఏటా అలిపిరి మెట్లు ఎక్కుతారు. నేను భువనగిరి కోట, అనంతగిరి తప్ప ఏదీ ఎక్కలేదు. ఫొటోల్లో అంతా పచ్చగడ్డే, రాళ్లేమీ కనిపించట్లేదు. తేలికే కదా? దారిలో మంచు కమ్మితే ఏం చేయాలి?" అని అడిగారు.

మీరు ఎక్కగలరు. నాన్నగారి సంగతి కింద విడిగా రాస్తాను. కానీ "రాళ్లు లేవు కాబట్టి తేలిక" అన్న లెక్క మాత్రం ముందే పక్కన పెట్టేయండి. ఈ కొండకు మొదటిసారి వచ్చే మనవాళ్లలో ఎక్కువమంది ఇబ్బంది పడేది అక్కడే.

మనం తెలంగాణలో, రాయలసీమలో ఎక్కి అలవాటైనవి నల్లరాతి గుట్టలు. భువనగిరి కోట మీద ఎండిన రాయి బూటును పట్టుకుంటుంది. కాలు ఎక్కడ వేయాలో కళ్లకు కనిపిస్తుంది. ప్రమాదం ఉన్నచోట రాయిని చూడగానే భయం వేస్తుంది, ఆ భయమే మనల్ని ఆపుతుంది. గడ్డి వాలు దగ్గర ఆ భయం కలగదు. ఎంత నిటారుగా ఉన్నా దూరం నుంచి మెత్తగానే కనిపిస్తుంది. మధ్యలో చెట్టూ పుట్టా లేకపోవడంతో దూరం అంచనాకు అందదు. ఇదిగో పావుగంటలో చేరిపోతాం అనుకున్న మలుపు దగ్గరికి గంట పడుతుంది. పైగా అలాంటి వాలు మీద తడిగా ఉన్నప్పుడు జారితే పట్టుకోవడానికి ఒక కొమ్మ గానీ, ఆపడానికి ఒక బండ గానీ ఉండవు.

అక్కడ గడ్డిని ఒకసారి వంగి చూడండి. మన పార్కుల్లో ఉండే తివాచీ గడ్డి కాదు. దుబ్బులు దుబ్బులుగా, మోకాలి ఎత్తున, కొన్నిచోట్ల నడుము దాకా పెరుగుతుంది. వానా గాలీ కలిసి ఆ పోచలన్నిటినీ వాలు కిందివైపుకే పడుకోబెడతాయి. అలా పడుకున్న తడి పోచల మీద అడుగు వేశారంటే బూటు కింద నేల తగలకముందే కాలు జారుతుంది. కాబట్టి అడుగు పోచల మీద వేయకూడదు. దుబ్బు మొదలు దగ్గర, దాని పైవైపున వేయాలి. అక్కడ వేళ్లు మట్టిని గట్టిగా పట్టుకుని చిన్న మెట్టులా చేసి ఉంచుతాయి. మొదటి అరగంట కావాలని చూసుకుంటూ నడిస్తే, తర్వాత పాదానికే తెలిసిపోతుంది.

ఇక దారి. కుద్రేముఖ్ శిఖరం ఎత్తు 1,894 మీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌లోని ఏ కొండకన్నా ఎక్కువే. చిక్కమగళూరు జిల్లాలో, కళస దగ్గరలో ఉంటుంది. నడక ముల్లోడి అనే చిన్న ఊరి నుంచి మొదలవుతుంది. సంసె దాటి బాలెగల్ దాకా రోడ్డు బాగానే ఉంటుంది. అక్కడి నుంచి ముల్లోడికి గుంతల మట్టిదారి, జీపులే వెళ్తాయి. మీ కారు తీసుకెళ్లాలన్న ఆలోచన వద్దు. ముల్లోడి నుంచి శిఖరానికి సుమారు 9 నుంచి 10 కిలోమీటర్లు, తిరిగి అదే దారి. ఎక్కడానికి నాలుగైదు గంటలు, దిగడానికి మూడు నాలుగు గంటలు పెట్టుకోండి. కొత్తవాళ్లకు ఇంకో గంట అదనం.

మొదటి భాగం అడవి అంచులు, పొలాలు, వాగులు. ఒంటిమర అని పిలిచే ఒంటరి చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా శిఖరం కనిపిస్తుంది. అందరూ ఫొటోలకు ఆగే చోటు అది. ఆ తర్వాత చాలాసేపు దారి కొండ పక్కగా, పెద్దగా ఎక్కుడు లేకుండా సాగుతుంది. కాసేపు గడ్డి, కాసేపు లోయ మడతల్లో చిన్న చిన్న అడవి తునకలు, వాటిలో వాగులు. పాడుబడిన లోబో ఇల్లు దాటే దాకా "ఇంతేనా" అనిపిస్తుంది. అసలు కొండ అక్కడి నుంచి మొదలవుతుంది. చివరి భాగమంతా ఏటవాలు గడ్డి గుట్టల మీదే ఎక్కాలి, నీడ ఉండదు, ఎక్కడం ఒకదాని మీద ఒకటిగా వస్తూనే ఉంటుంది. శిఖరం అనుకుని ఎక్కిన ప్రతి గుట్ట వెనకా ఇంకోటి లేస్తుంది. అందుకే మొదటి సగంలో మీ వేగం చూసుకుని మురిసిపోవద్దు. మొదటి సగం సమయాన్ని రెట్టింపు చేసి మొత్తం లెక్క కట్టినవాళ్లకు మధ్యాహ్నానికి లెక్క తప్పుతుంది.

పైకి చేరాక ఒక జాగ్రత్త. శిఖరం వెడల్పుగా, చదునుగా, హాయిగా ఉంటుంది. కానీ పడమటి వైపు కొండ ఒక్కసారిగా తెగి దక్షిణ కన్నడ జిల్లా వైపు లోతుగా దిగిపోతుంది. అరేబియా సముద్రం మీంచి చూసిన నావికులకు గుర్రం ముఖంలా కనిపించిందని చెప్పేది ఆ వైపే. ఆ అంచున గడ్డి బయటికి వాలి పెరుగుతుంది. కాలి కింద నేల ఎక్కడ అయిపోయిందో పైనుంచి తెలియదు. సెల్ఫీ కోసం అంచుకు వెళ్లే పిల్లల్ని, పెద్దల్ని ఇద్దరినీ వెనక్కి పిలవండి. అక్కడ మొహమాటం వద్దు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. గడ్డి కొండను ఎక్కగలమా అని కాదు, దిగగలమా అని చూసుకోవాలి. ఎక్కేటప్పుడు ముఖం కొండ వైపు ఉంటుంది, బరువు ముందుకు ఉంటుంది, జారినా మోకాళ్ల మీద పడతాం. దిగేటప్పుడు బరువంతా కిందికి లాగుతుంది, తొడ ముందు కండరాలు అప్పటికే అలసి ఉంటాయి, మధ్యాహ్నం మంచు మేఘం గడ్డిని తడిపేసి ఉంటుంది. వాన పడకపోయినా మేఘం కొండను తాకితే చాలు, పోచలన్నీ చుక్కలు కట్టి మీ ప్యాంటు మోకాలి దాకా తడిసిపోతుంది. కాళ్లు మడతపడటం, మోకాళ్లు పట్టేయడం ఎక్కువగా జరిగేది తిరుగుదారిలోనే.

దిగేటప్పుడు అడుగులు చిన్నవి వేయండి. మోకాళ్లు కొంచెం వంచి ఉంచండి, బిగబట్టి నిటారుగా పెట్టొద్దు. జారతామని భయం వేసినప్పుడు ఒళ్లు తనంతట తానే వెనక్కి, కొండ వైపు వాలుతుంది. సరిగ్గా ఆ వాలడం వల్లే మడమ ముందుకు జారుతుంది. నడుము పాదాల మీదుగా ఉండాలి. బాగా నిటారుగా ఉన్నచోట నేరుగా దిగకుండా పక్కకు తిరిగి, బూటు అంచు వాలులోకి దిగేలా వంకరటింకరగా దిగండి. చేతికర్ర ఒకటైనా ఉంటే చాలా మేలు. ట్రెక్కింగ్ పోల్స్ కొనక్కర్లేదు, హోమ్‌స్టేలో అడిగితే మంచి వెదురు కర్ర ఇస్తారు. దాన్ని దిగేటప్పుడు మీకన్నా కింద పెట్టి, బరువు ఆన్చి, తర్వాత కాలు వేయాలి. ముందువాళ్లు అడ్డదారి కొట్టిన జాడలు మలుపుల దగ్గర కనిపిస్తాయి. వాటిలోకి దిగొద్దు. చాలా వాలులు పైన నెమ్మదిగా మొదలై కింద నిటారుగా మారతాయి. పైనుంచి ఆ మార్పు కనిపించదు, మధ్యలోకి వెళ్లాకే తెలుస్తుంది.

జారితే ఏం చేయాలో ఇంట్లోనే ఒకసారి అనుకుని పెట్టుకోండి. జారిన ఒకటి రెండు సెకన్లలోనే బోర్లా తిరగాలి, తల పైవైపు, కాళ్లు కిందివైపు ఉండేలా. అరచేతులతో నేలను నెట్టి ఛాతీని పైకి లేపితే బరువు బూట్ల ముందు భాగం మీదికి వచ్చి అవి మట్టిలో దిగుతాయి. వేగం పుంజుకున్నాక ఇది పనిచేయదు. అందుకే ఇంకో సంగతి: నున్నటి నైలాన్ రెయిన్‌ప్యాంటు వేసుకుని గడ్డి వాలు దిగొద్దు. తడి గడ్డి మీద కూర్చుండిపోయినట్టు పడినా మనిషి ఆగకుండా జారిపోతాడు. పైన జాకెట్ సరే, కింద మామూలు ట్రాక్ ప్యాంటు తడిస్తే తడవనివ్వండి.

బూట్ల విషయంలో బ్రాండ్ గురించి టెన్షన్ పడొద్దు. అడుగున గాడులు లోతుగా ఉన్నాయా, మడమ దగ్గర స్పష్టమైన అంచు ఉందా అన్నది చూడండి. జిమ్‌కి, వాకింగ్‌కి వేసుకునే బూట్లు అడుగున చాలావరకు చదునుగానే ఉంటాయి, అవి ఇక్కడ పనికిరావు. కొత్తవి కొంటే కనీసం రెండు మూడు వారాల ముందు కొని రోజూ వేసుకుని తిరగండి.

నాన్నగారు. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. ఏటా అది ఎక్కుతున్నారంటే ఊపిరి విషయంలో ధైర్యం చెప్పొచ్చు. కానీ ఒక ప్రశ్న అడగండి: తిరుమల నుంచి నడిచి దిగుతారా, బస్సులో దిగుతారా? మనలో నూటికి తొంభైమంది బస్సే ఎక్కుతాం. అంటే ఆ అలవాటు సగం కొండకే సరిపోతుంది. పైగా అక్కడ సమానమైన మెట్లు, చాలా చోట్ల పైకప్పు, అడుగడుగునా మంచినీళ్లు ఉంటాయి. ఇక్కడ మధ్యలో ఆగిపోతే ఎక్కించుకుని తీసుకెళ్లే బండి ఉండదు. ఏ వయసువారైనా నడిచే దిగాలి.

ఆయన్ని వద్దనమని చెప్పడం లేదు. 58 ఈ కొండకు అడ్డంకి కాదు, అంతకన్నా పెద్దవాళ్లు నింపాదిగా ఎక్కి దిగడం చూశాను. వెళ్లే ముందు నెలన్నర పాటు మీ ఇద్దరూ వారానికి మూడుసార్లు అపార్ట్‌మెంట్ మెట్లు దిగే సాధన చేయండి. లిఫ్టులో పైకి వెళ్లి నడిచి దిగడం, భుజాన రెండు లీటర్ల నీళ్ల బ్యాగుతో. వినడానికి వింతగా ఉన్నా దిగే కండరానికి అదే సాధన. మర్నాడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, వాపు వస్తుంటే శిఖరం మాట ఆయనకు వద్దు. బీపీ, షుగర్ మందులు వాడుతుంటే డాక్టర్‌ని అడిగి బయలుదేరండి. షుగర్ మాత్ర వేసుకుని తినకుండా ఎక్కడం అసలు కుదరదు. ఒకవేళ ఆయన లోబో ఇల్లు దాకా వచ్చి వెనక్కి తిరిగినా, ఆ దారిలో చూడాల్సినదంతా చూసినట్టే. కొండ నిండా ఆయన కళ్ల ముందే ఉంటుంది. అలా అయితే ఆయనతో తోడు ఎవరు తిరిగివస్తారో ముందే అనుకోండి, అక్కడికెళ్లాక తేల్చుకోవద్దు.

దసరా గురించి. అక్టోబరులో ఇంకా వానలు పూర్తిగా పోవు. పొద్దున్న నీలాకాశం, మధ్యాహ్నం రెండు దాటాక ఉరుములు అన్నది మామూలే. చెట్టు లేని గడ్డి శిఖరం మీద మెరుపుల్లో ఎత్తుగా ఉండేది మనిషే. ఉరుము వినిపించగానే దిగడం మొదలుపెట్టాలి, వాన కోసం చూడకూడదు. మీ సెలవులు తర్వాతికి మార్చుకోగలిగితే నవంబరు చివర, డిసెంబరు చాలా బాగుంటాయి: గడ్డి ఇంకా పచ్చగా ఉంటుంది, దారి ఆరి ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అందం వేరు, కానీ మొదటిసారికి వద్దు. పక్కనే ఉన్న ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. హైదరాబాద్‌లో 800 దరిదాపు. వాగులు గంటలో పొంగుతాయి. నీళ్లు మోకాలి పైకి వచ్చి అడుగు కనిపించకపోతే దాటకూడదు, అవతల ఎవరు పిలుస్తున్నా సరే. ఇక ఎండాకాలంలో గడ్డి అంటుకునే ప్రమాదం ఉందని అటవీ శాఖ మూసేస్తుంది.

పర్మిట్ తప్పనిసరి. ఇది 1987లో ప్రకటించిన జాతీయ ఉద్యానవనం. కర్ణాటక అటవీ శాఖ 'అరణ్య విహార' వెబ్‌సైట్లో ముందే బుక్ చేసుకోవాలి, రోజుకు ఇంతమందే అనే పరిమితి ఉంది. సెలవు రోజుల స్లాట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి రైలు టికెట్ కన్నా ముందు ఇది చూసుకోండి. రాత్రి కొండ మీద ఉండనివ్వరు, టెంట్లు కుదరవు, సాయంత్రానికి దిగిపోవాలి. కాబట్టి ముందు రాత్రి ముల్లోడి లేదా సంసెలోనే పడుకోండి. శృంగేరి నుంచి తెల్లవారుజామున బయలుదేరి అదే రోజు ఎక్కుదామంటే ఆలస్యమైపోతుంది.

ఈ గడ్డి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన నీళ్లకు దీనికి నేరుగా సంబంధం ఉంది. ఇక్కడ చెట్లు నరికేస్తే గడ్డి మిగిలిందని చాలామంది అనుకుంటారు. కాదు. పడమటి కనుమల పైభాగాల్లో నీరు చేరే మడతల్లో పొట్టి అడవి, దాన్నే షోలా అంటారు, గాలి కొట్టే వాలుల మీద గడ్డి. ఈ రెండూ కలిసి ఉండటమే అక్కడి సహజమైన రూపం. నీలగిరుల్లో పాత బురద నేలల్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు 20 వేల ఏళ్ల కిందట కూడా అక్కడ గడ్డి మైదానాలు ఉన్నాయని తేల్చారు. దుబ్బుల వేళ్లు వానను పట్టి, నిదానంగా మడతల్లోకి వదులుతాయి. అందుకే డిసెంబరులో కూడా దారిలో వాగులు పారుతుంటాయి.

ఈ ఉద్యానవనంలోనే గంగామూల అనే చోట తుంగ, భద్ర, నేత్రావతి మూడూ పుడతాయి. నేత్రావతి పడమటికి మంగళూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. తుంగ మీరు వెళ్లే శృంగేరి గుండా, భద్ర కళస గుండా ప్రవహించి శివమొగ్గ దగ్గర కూడలి అనే ఊళ్లో ఒకటవుతాయి. ఆ తుంగభద్రే మంత్రాలయం మీదుగా, సుంకేసుల మీదుగా కర్నూలుకు వచ్చి కృష్ణలో కలుస్తుంది. కేసీ (కర్నూలు-కడప) కెనాల్ కింద పండే వరిలో ఈ గడ్డి పట్టి ఉంచిన నీరు ఉంది. ఇక్కడే 1976లో మొదలైన ప్రభుత్వ ఇనుప ఖనిజ కంపెనీ కొండల్ని తవ్వి, ఖనిజాన్ని జావలాగా చేసి పైపుల్లో మంగళూరుకు పంపేది. ఆ మట్టి భద్రలోకి చేరుతోందని ఏళ్ల తరబడి పోరాటం జరిగి, సుప్రీంకోర్టు తీర్పుతో 2005 చివరికి తవ్వకం ఆగిపోయింది. అంత కష్టపడి కాపాడుకున్న నేల అది. అడ్డదారి వద్దన్నది మీ కాళ్ల కోసమే కాదు. వాలు మీద పదిమంది నడిస్తే దుబ్బులు చచ్చిపోతాయి, రెండు వానలకు అది గండిగా మారుతుంది, ఎర్రమట్టి నేరుగా వాగులోకి వెళ్తుంది. దారి బురదగా ఉన్నా బురదలోనే నడవండి, పక్క గడ్డి తొక్కొద్దు. చిప్స్ కవరు, బాటిల్ మూత కూడా వెనక్కి తెండి. చెక్‌పోస్టులో ప్లాస్టిక్ ఎలాగూ చూస్తారు.

జలగలు అక్టోబరులో కచ్చితంగా ఉంటాయి, అడవి తునకల్లో మరీ ఎక్కువ. ఆకు చివర నిలబడి ఊగుతూ ఉంటాయి. ఆగకుండా నడిస్తే తక్కువ ఎక్కుతాయి. పట్టుకున్నదాన్ని గోరుతో అంటుకున్నచోటే నెట్టి తీసేయండి. రక్తం కాసేపు ఆగదు, అది వాటి లాలాజలం వల్ల, భయం లేదు. దానికన్నా నేను పట్టించుకోమనేది పిడుదుల గురించి. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో మొదట గుర్తించిన కోతి జ్వరం వాటి ద్వారానే వస్తుంది, ఈ ప్రాంతంలో డిసెంబరు నుంచి వేసవి దాకా కేసులు వస్తుంటాయి. ప్యాంటు అంచు సాక్సులోకి దోపండి, అడవిలో రాలిన ఆకుల మీద కూర్చోవద్దు, బసకు చేరగానే స్నానం చేసి చంకలు, మోకాళ్ల వెనక, నడుము చుట్టూ చూసుకోండి. తిరిగొచ్చాక రెండు వారాల్లో జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టర్‌కి చెప్పడం మర్చిపోవద్దు. మన ఊళ్లో డాక్టర్లకు ఆ అనుమానం తనంతట తాను రాకపోవచ్చు.

పొద్దున్నే గడ్డిలో అడవిదున్నలు మేస్తూ కనిపించవచ్చు. ఆగి, మాట్లాడకుండా, అవి తప్పుకునే దాకా ఉండండి. దగ్గరికి వెళ్లి ఫొటో తీయాలన్న ఆశ వద్దు.

మంచు కమ్మితే ఏం చేయాలని చివర్లో అడిగారు. గైడు లేకుండా వెళ్లకండి, అది మొదటి జవాబు. పై గుట్టల మీద పశువుల బాటలు, జంతువుల బాటలు చాలా ఉంటాయి, మంచులో అన్నీ దారిలాగే కనిపిస్తాయి. ఎక్కేటప్పుడు ప్రతి మలుపులో ఒకసారి వెనక్కి తిరిగి చూడండి, దిగేటప్పుడు మీకు కనిపించేది ఆ వైపు దృశ్యమే. గుంపు విడిపోవద్దు, నడకలో నెమ్మదైనవాళ్లు ముందు ఉండాలి. ఎక్కడ ఉన్నా మధ్యాహ్నం ఒంటిగంటకు వెనక్కి తిరగాలి, శిఖరం ఇంకో అరగంటే అని ఎవరు చెప్పినా. అక్టోబరులో ఆరు దాటితే చీకటి, అడవి భాగంలో ఇంకా ముందే. తలకు కట్టుకునే టార్చి ఒక్కొక్కరికి ఒకటి పెట్టుకోండి, ఫోన్ లైటు ఒక చేతిని తీసేసుకుంటుంది. సంసె దాటాక సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, ఎన్నింటికి దిగుతారో ఇంట్లోనూ హోమ్‌స్టేలోనూ చెప్పి వెళ్లండి.

ఆ రోజు తెల్లారేసరికి వాన దంచి కొడుతుంటే శిఖరం మానేసి, కళసలో కళశేశ్వరస్వామి దర్శనం చేసుకుని హొరనాడు వెళ్లిపోండి, అక్కడికి 8 కిలోమీటర్లే. నాన్నగారు మెట్లు దిగే సాధన నెల రోజులు చేశాక ఆయన మోకాళ్లు ఎలా ఉన్నాయో, తేదీ ఏది ఖాయమైందో ఇక్కడే రాయండి. దాన్నిబట్టి లోబో ఇల్లు దాకానా, పైదాకానా అన్నది చెప్తాను.